తల ఆనించిన చోట

ఒక కోటు రంగుకూ ఇంకో కోటుకూ నడుమ ఇరవై నిమిషాలు ఆగాలి అని కాగితం మీద రాసింది సాధన. రాసి కింద గీత కూడా గీసింది, నేను తొందరపడతానని నా బిడ్డకు తెలుసు. ఆగుతున్నాను. వ్యాను తలుపులన్నీ బార్లా తెరిచి, ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని, చేతులకున్న ప్లాస్టిక్ తొడుగులు విప్పకుండానే ఆగుతున్నాను. కిటికీలోంచి గోడ గడియారం కనిపిస్తుంది, మూడుంపావు. ఐదింటికి ఎదురు అపార్టుమెంటు మృదులగారు వచ్చి చూస్తారు. వాళ్ళ అపార్టుమెంటులో బడికి పోయే పిల్లలు పదకొండు మంది, ఆవిడ సరే అంటే పదకొండు మందీ సాధన వ్యాను ఎక్కుతారు, ఆవిడ పెదవి విరిస్తే నాగోల్ నుంచి ఏసీ వ్యాను అతను వస్తానని కాచుకుని ఉన్నాడు. బడులు తెరవడానికి ఇంకా ఏడు రోజులు. దిల్‌సుఖ్‌నగర్ చీరల షోరూములో ఆరేళ్ళు నిలబడి చీరలు విప్పి, మడిచి, విప్పి, మడిచి కాళ్ళు వాచిన పిల్ల, ఈ వ్యానును నమ్ముకుని పోయిన నెల ఉద్యోగం మానేసింది. రేకుల మీద ఎండ చిటపటమంటోంది, రంగు వాసన నాలుక మీదికి కూడా ఎక్కింది, చేదుగా, మంచినీళ్ళు తాగినా పోవడం లేదు.

ఈ రంగు డబ్బా చిత్రమైంది. ఊపితే లోపల గోలీ టకటకమంటుంది, జానెడు దూరం నుంచి నొక్కితే పొగలాగా నల్ల రంగు వచ్చి సీటు రెగ్జిన్ మీద కూర్చుంటుంది, చెయ్యి తగలనే తగలదు. మా ఊళ్ళో గోడలకు జాజు పూసేటప్పుడు మోచేతుల దాకా ఎర్రగా అయ్యేది, గోడలో గుంట ఎక్కడుందో, పెళ్ళ ఎక్కడ ఊడుతోందో అరచేతికి తెలిసేది. సాధన ఫోనులో వీడియో పెట్టి మూడుసార్లు చూపించింది, అందులో టోపీ పెట్టుకున్న మనిషి ఒక్క మాట మాట్లాడకుండా మురికి కారును అరగంటలో కొత్తది చేశాడు. ఆ కారు ఎవరిదో అతనికి తెలియదు, అందుకే అరగంట. నాకు పొద్దున ఏడింటి నుంచి పడుతోంది. అద్దాలకు పాత పేపర్లు అంటించాను, స్టీరింగుకు గుడ్డ చుట్టాను, బెల్టులకు సంచులు తొడిగాను, వెనక సీటుతో మొదలుపెట్టాను. వెనక సీటు తేలికే, అది పిల్లలది, ఏ మరక ఏ పిల్లదో ఇప్పుడు ఆ పిల్లలకే గుర్తుండదు. పెన్ను సిరా, చింతపండు చాక్లెట్టు, వానాకాలం బూట్ల బురద, బడికి పోయే మొదటి రోజు భయపడి కక్కుకున్న పిల్లల పాలు. మా ఆయన పౌలు ఈ వ్యానును ఇరవై ఒక్క ఏళ్ళు నడిపాడు, పోయి రెండేళ్ళు. పిల్లలు కక్కుకుంటే ఒక్కనాడూ కసురుకోలేదు, బండి ఆపి, ఏమైతది బిడ్డా, పాలు లోపలున్నా బయటున్నా పాలే గదా అనేవాడు, కడగడం మాత్రం నాకు వదిలేసేవాడు.

వెనక సీటు మూలకు చెయ్యంత గులాబి మచ్చ ఉండేది. అది పక్కింటి ఇంద్రాణి బతుకమ్మది. గునుగు పూలకు రంగు అద్ది, ఆ రంగు ఆరకముందే పేర్చి, తాంబాలం ఎత్తుకుని వ్యాను ఎక్కింది. సరూర్‌నగర్ చెరువు దాకా ఒళ్ళో పెట్టుకోమంటే చేతులు గుంజుతున్నాయని సీటు మీద పెట్టింది. ఆ ఏడు మా వాడకట్టు ఆడవాళ్ళందరినీ మూడు ట్రిప్పులుగా చెరువుకు చేరవేశాడు ఆయన. చర్చిలో ఒక పెద్దమనిషి అడిగాడు, ఏం పౌలూ, నీ బండ్ల బతుకమ్మ ఎక్కిందంట గదా అని. బతుకమ్మలకు కాళ్ళు లెవ్వన్నా, మా వాడకట్టు అక్కలు కాళ్ళ నొప్పులతోని నడుస్తుంటే ఎక్కించుకున్న, అన్నాడు. పొద్దున డబ్బా పొగ ఆ మచ్చ మీదుగా పోయింది, గులాబి ఒక్క క్షణం ఊదా అయింది, మళ్ళీ చూస్తే లేదు. అయ్యో అనిపించింది గాని చెయ్యి ఆగలేదు.

డ్రైవరు సీటు దగ్గరే ఆగింది పని. కూర్చునే చోట రంగు పట్టింది, వీపు ఆనే చోట పట్టింది, తల ఆనించే దిండు దగ్గరకు వచ్చేసరికి నిలవలేదు. చామాకు మీద నీళ్ళు పోసినట్టు చుక్కలు చుక్కలుగా విడిపోయి పక్కలకు జరిగింది, నడుమ పాత మరక మళ్ళీ బయటికి చూస్తోంది, ఏమే, నన్నే కప్పుదామనుకున్నవా అన్నట్టు. ఎందుకు నిలవలేదో నాకు తెలుసు. కాగితం మీద మొదటి వరుస అదే: నూనె ఉన్న చోట ముందు స్పిరిట్‌తో బాగా తుడవాలి, లేకపోతే రంగు పట్టదు. మందుల షాపు నుంచి తెచ్చిన సీసా మూత కూడా తియ్యలేదు నేను. చదువు రాని రోజుల్లో అయితే, నాకేం తెలుసు బిడ్డా అని తప్పించుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట చెల్లదు. చదివాను, రెండుసార్లు చదివాను, చదివి కాగితం మడిచి నడుముకు దోపుకున్నాను. ఇందాక సాధన ఎల్‌బీ నగర్ నుంచి ఫోను చేసింది, కింద పరిచే మ్యాట్లు కొనడానికి పోయింది. తలకాడ తుడిచినవా అమ్మా? తుడిచిన. మంచిగ తుడిచినవా, ఆ మేడం ముందుగాల అదే చూస్తది. తుడిచిన అంటున్న గదనే, ఎన్నిసార్లు అడుగుతవు, నువ్వు నాకు తల్లివా, నేను నీకు తల్లినా? నవ్వి పెట్టేసింది. బిడ్డకు అబద్ధం చెప్పి నవ్వించాను, ఇంత వయసు వచ్చాక.

మృదులగారు పోయిన వారం వచ్చారు. మంచి మనిషే, సాధన లైసెన్సు చూసి, ఆడపిల్ల నడిపితే మాకూ ధైర్యమేనండీ అన్నది ఆవిడే. వ్యాను లోపలికి తొంగి చూసి మాత్రం చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఏమీ అనుకోకండి ఎలీశమ్మగారూ, ఇంజను అదీ బానే ఉందని మెకానిక్ చెప్పాడు, కానీ ఇదేంటండీ, తల పెట్టే చోట ఇంత జిడ్డు? మా తన్మయి చూస్తే చచ్చినా ఎక్కనంటుంది. జిడ్డు. ఆ మాట వారం రోజులుగా చెవిలో ఉంది. అవును, జిడ్డే. పొద్దున ఆరున్నరకు ఆయన అరచేతి గుంట నిండా కొబ్బరినూనె పోసుకుని, మాడు మీద తప్పాతప్పా కొట్టి, మిగిలింది మెడకు రాసుకుంటే గాని బండి తాళం చేతికి తీసుకునేవాడు కాదు. వెంట్రుకలన్నీ పోయి నున్నగా అయ్యాక కూడా మానలేదు. ఏమున్నదని పెడుతున్నవయ్యా అంటే, పొలానికి ఎరువేస్తున్న, మొలిస్తే మొలుస్తయి అనేవాడు. ఆ తల రోజుకు నాలుగు గంటలు అక్కడ ఆనింది. నేను తువ్వాలు కప్పేదాన్ని, వెనక పిల్లలు గుంజి పడేసేవాళ్ళు, మళ్ళీ కప్పేదాన్ని.

బండి కదలకపోతే తల వెనక్కి వాల్చడం ఆయన అలవాటు, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న ఏళ్ళల్లో బండి అసలు కదిలిందెప్పుడు. ఎడమ సీట్లో నేను, పిల్లల్ని దింపడానికి, ఎక్కించడానికి. పిల్లలు దిగిపోయి ఖాళీ బండితో తిరిగి వచ్చేటప్పుడు తల అట్లాగే వాల్చి, కళ్ళతో చూపించేవాడు, అగో, ఆ బోర్డు సదువు. నలభై ఏడేళ్ళు నాకు అప్పటికి. చేట అంత అక్షరాలు ఏ బడిలో రాస్తారు? గాజుల దుకాణంలో గ నేర్చుకున్నాను, దవాఖానలో ద, పళ్ళ డాక్టరు బోర్డు మీద క కింద వేలాడే ఆ ట వత్తు చూసి, ఇదేంది, దీనికి తోక మొలిచింది అంటే ఆయన నవ్వాడు. ఆయన చదివిందే ఏడో తరగతి దాకా, తెలియనిది వస్తే దగ్గు వచ్చినట్టు చేసేవాడు. నాకు నేనుగా మొదటిసారి పూర్తిగా చదివిన వరుస ఒక కోచింగు సెంటరు బోర్డు మీద ఉంది. ప్రవేశములు జరుగుచున్నవి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని ఆఖరి వి దాకా వచ్చేసరికి వెనక బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది, ముందు దారి ఎప్పుడో ఖాళీ అయింది. ఇగ పోదామా మేడం, నీకు సీటు దొరికినట్టే, అన్నాడు, అని తల వెనక్కి వేసి నవ్వాడు. ఆ నవ్వుకు తల అక్కడే ఆనింది. మరి దాన్నెట్లా తుడవను.

ఆయన పోయాక చొక్కాలు పంచిపెట్టాము. దుప్పటి ఉతికితే వాసన పోయింది, ఉతకకుండా ఉండాల్సింది, ఆ తెలివి అప్పుడు లేదు. వ్యాను మాత్రం రెండేళ్ళు ఇక్కడే తాళం వేసి ఉంది. ఎప్పుడన్నా మధ్యాహ్నం పూట తలుపు తీసి నా ఎడమ సీట్లో కూర్చుని అటు తిరిగితే, ఎండకు వేడెక్కి కొబ్బరినూనె వాసన వచ్చేది, సన్నగా, ఆయన ఇప్పుడే దిగి చాయ్ తాగడానికి పోయినట్టు. సాధన అడిగితే బ్యాటరీ చూస్తున్న అనేదాన్ని. నీకు బ్యాటరీ ఎక్కడుంటదో ఎరికేనా అమ్మా అనేది. నిజంగానే తెలియదు.

మూడూ నలభై. ఇరవై నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, నేను లేవలేదు. గేటు చప్పుడైంది, ఇంద్రాణి. ఏందొదినా, ముసలి బండికి పెండ్లి చేస్తున్నవా, వాసన మా వంటింటి దాక వస్తుంది. నీ దర్వాజకు గూడ ఈ రంగు కొట్టాల్నా, డబ్బా మిగుల్తది, అన్నాను. దర్వాజకెందుకు, మా ఆయన మొకానికి కొట్టు, జర నిగనిగలాడుతడు. అంటూనే వ్యానులోకి తల పెట్టింది, వెనక సీటు మూలకు చూసి, నా బతుకమ్మ మరకేది అంది. పోయింది, అన్నాను, తప్పు చేసినదానిలాగా. బతికిచ్చినవ్ తల్లీ, అంది ఇంద్రాణి, గుండె మీద చెయ్యి వేసుకుని. పదకొండేండ్లు. ఈ బండి నా ముంగట నుంచి పోయినప్పుడల్లా తల దించుకునేదాన్ని. సీటుకు కవరు నేను కుట్టిస్తా అని పౌలన్నకు ఎన్నిసార్లు చెప్పిన, వద్దనేటోడు. ఎప్పుడు ఎక్కినా నేను ఆ మూలకే ఎందుకు కూసునేదాన్ని అనుకుంటున్నవ్, దాని మీద కూసుంటే కనబడదని. ఆ మూల ఈమెకు ఇష్టమనుకున్నాను ఇన్నేళ్ళూ. పండగ రోజు చెరువు దగ్గర పాటలు, ఆ మూడు ట్రిప్పులు, తిరిగి వచ్చేటప్పుడు అందరూ పంచుకున్న సత్తుపిండి, అవన్నీ ఆ గులాబి మచ్చలో ఉన్నాయని నేను, ఎప్పుడు పోతుందా అని ఈమె.

ఇంద్రాణి డ్రైవరు తలుపు వైపు వచ్చింది. ఇదేంది, ఇట్ల చెమట పట్టినట్టున్నది? నూనె, అన్నాను. పౌలన్నదా? ఊఁ. పెదవి బిగించింది, ఏడుస్తుందేమో అనుకున్నాను, నవ్వు ఆపుకుంటోంది. పాపం, దీనికి ఎన్ని తిప్పలు పడ్డడు అన్న. ఆ పాలిష్ సంగతి యాదికున్నదా వదినా? యాదికి లేదు అనబోయాను, అంతలోనే మొత్తం వచ్చేసింది, ఎట్లా మరిచిపోయానో. అదీ జూనే, బడులు తెరిచే ముందురోజు. బూట్లకు రాసే నల్ల పాలిష్ డబ్బా తెచ్చి, ఎవరికీ చెప్పకుండా వ్యానులో కూర్చుని, ఆ దిండుకు బ్రష్షుతో రుద్ది రుద్ది అద్దంలాగా మెరిపించాడు. పొద్దున మొదటి ట్రిప్పు, ఎండ, నూనె పెట్టిన తల. కొత్తపేట దాటకముందే వెనక నుంచి పిల్లలు కేకలు, డ్రైవరంకుల్‌కు జుట్టు మొలిచింది, డ్రైవరంకుల్‌కు జుట్టు మొలిచింది. ఆయన కూడా నవ్వాడు, పిల్లల ఆట అనుకున్నాడు, తల వెనక చెయ్యి పెట్టి చూసుకుంటే అరచెయ్యి నల్లగా వచ్చింది. వారం రోజులు పోలేదు ఆ నలుపు, ఆదివారం చర్చిలో వెనక వరుస వాళ్ళంతా పాట ఆపి చూశారు. నవ్వలేక నాకు పొట్ట నొప్పి పుట్టింది. పంపు కాడ సబ్బు పెట్టి రుద్దుతుంటే, వంగి నిలబడి, మెల్లగా అన్నాడు, నవ్వకే, పిల్లల తల్లులు లోపలికి చూస్తుంటే సిగ్గయితుంది నాకు, అందుకే చేసిన.

ఇంద్రాణి పోయింది, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చిందట. నేను లేచి వ్యాను దగ్గర నిలబడ్డాను. కొత్తవాళ్ళు ఎవరన్నా బండి చూడటానికి వస్తే ఆయన డ్రైవరు తలుపు తీసి, ఆ దిండు మీద మోచెయ్యి వేసి నిలబడి మాట్లాడేవాడు. దర్జా అనుకునేదాన్ని. ఎంత దర్జా చూపిస్తున్నవయ్యా అని ఎగతాళి కూడా చేశాను. మోచేత్తో కప్పేవాడని ఇప్పుడు, ఈ ఎండలో, ఆయన లేని రెండేళ్ళకు తెలిసింది. ఇరవై ఒక్క ఏళ్ళు పక్క సీట్లో కూర్చున్న దాన్ని. బోర్డులన్నీ చదివించాడు గాని తన సిగ్గు చదవమని ఎప్పుడూ చూపించలేదు, నేనూ అటు చూడలేదు. వాసన కోసం నేను దాచుకుంటున్నది ఆయన ఎవరి కంటా పడకూడదని మోచెయ్యి అడ్డం పెట్టుకున్నది. ఐదింటికి ఒక తల్లి వచ్చి దాన్నే చూస్తుంది, ఆయన ఉంటే ఎక్కడ నిలబడేవాడో నాకు తెలుసు.

సీసా మూత తీశాను. స్పిరిట్ చల్లగా వేళ్ళ మీదికి పాకింది, దవాఖాన వాసన, సూది గుచ్చే ముందు ఆయన ముఖం తిప్పుకునేవాడు. నా పాత నూలు చీర చింపుకుని పెట్టుకున్నాను, మొదటి ముక్కతో ఇందాక నిలవని రంగు చుక్కలు వచ్చాయి, నల్లగా. రెండో ముక్క గోధుమ రంగు. మూడో ముక్కకు వాసన లేచింది, రెండేళ్ళలో ఎప్పుడూ రానంత వాసన, ఆయన తలుపు వేసుకుని పక్కన కూర్చుని, ఇగ పోదామా అన్నంత దగ్గరగా, నూనె, దాని కింద చెమట, దాని కింద ఎప్పటిదో బీడీ. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. ఆపలేదు. కళ్ళ నీళ్ళు స్పిరిట్ ఘాటుకే అనుకుందాం. నాలుగో ముక్క పసుప్పచ్చగా వచ్చింది, ఆరో ముక్క తెల్లగా. మరక కింద నుంచి సీటు అసలు రంగు బయటపడింది, పావురం రంగు, ఇది నేను పూర్తిగా మరిచిపోయాను. హయత్‌నగర్ నుంచి వ్యానును తెచ్చిన రోజు ఉన్న రంగు. ఆ రోజు పాస్టరుగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, నాలుగేళ్ళ సాధన హారన్ నొక్కి ఆమెన్ కంటే ముందే అందరినీ ఉలిక్కిపడేలా చేసింది, ఆయన ఈ పావురం రంగు దిండుకు తల తగిలించీ తగిలించనట్టు కూర్చున్నాడు, కొత్త సీటు మాసిపోతుందని. మరక లేని రోజు కూడా ఆయన ఇక్కడే కూర్చున్నాడు గదా. డబ్బా ఊపాను. జానెడు దూరం. పొగ పోయి కూర్చుంది, ఈసారి నిలిచింది.

సాధన వచ్చేసరికి నాలుగూ ముప్పావు, రెండో కోటు కూడా అయింది. మ్యాట్లు కింద పడేసి నేరుగా అక్కడికే పోయింది, వేలి వెనకతో తాకి చూసింది, ముక్కు ఎగబీల్చింది. ఈ స్పిరిట్ వాసన పొద్దుటిది కాదు, అంది. కాదు, అన్నాను, ఫోనుల అబద్ధం చెప్పిన. ఎరికే నాకు, అంది. నేను తిడుతుందని చూస్తున్నాను. అది తలుపు పట్టుకుని నిలబడింది, నా వైపు చూడకుండా అద్దానికి అంటించిన పేపరు గోటితో గీరుతోంది. మ్యాట్లు ఫోను చేస్తే ఇంటికే తెచ్చిస్తరమ్మా. నిన్న నువ్వు చర్చికి పోయినప్పుడు నేను సీసా పట్టుకుని కూసున్న, గంట సేపు. నాతోని కాలే. అందుకే మొదటి వరుసల రాసి నీ మీద పెట్టి పోయిన. పేపర్లు పీకడం మొదలుపెట్టాము, అది అటు నుంచి, నేను ఇటు నుంచి.

మృదులగారు ఐదింటికి ఐదు నిమిషాల ముందే వచ్చారు, తన్మయి చెయ్యి పట్టుకుని. అబ్బో, బండి మార్చేశారా ఏంటండీ? మార్చలేదు, అన్నాను. డ్రైవరు తలుపు దగ్గరకు పోయి తొంగి చూశారు, చూసి చున్నీ సర్దుకున్నారు, ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. ఈ రంగు వాసన పోతుంది కదండీ? రెండు రోజులు తలుపులు తెరిచి పెడితే పోతుంది, అంది సాధన. సరే సాధనా, మావాళ్ళకి చెప్పేస్తాను, పదకొండు మందీ నీకే, ఏడుంపావుకల్లా గేటు దగ్గర ఉంటారు, పోట్లాడుకోకుండా కూర్చోబెట్టే పూచీ మాత్రం నీది. ఆ మాట పూర్తికాకముందే తన్మయి వెనక సీటు ఎక్కేసింది, ఇప్పుడే ఒక రౌండు తిప్పాలట, కిందికి దిగనంటుంది. దిగవే, రంగు అంటుకుంటుంది. అంటడం లేదమ్మా, చూడు, అని రెండు అరచేతులూ చూపించింది.

సాధన నవ్వి డ్రైవరు సీట్లో కూర్చుంది. కూర్చుంది గాని కాలు క్లచ్చుకు అందలేదు, ఆయన పొడుగు మనిషి, సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. కింద చెయ్యి పెట్టి కడ్డీ లాగింది. కదలలేదు. మళ్ళీ లాగింది. ఇరవై మూడేళ్ళుగా అది అక్కడే ఉంది, ఎవరికీ జరపాల్సిన పని పడలేదు. నువ్వు కడ్డీ పట్టి గుంజు బిడ్డా అని నేను పక్క తలుపు నుంచి వెనక్కి ఎక్కాను, మోకాళ్ళ మీద కూర్చుని సీటు వెనక భుజం ఆనించాను. కర్రుమని పెద్ద చప్పుడు చేసింది, తన్మయి చెవులు మూసుకుంది, సీటు నాలుగు వేళ్ళు ముందుకు జరిగింది. అందిందా అన్నాను. ఇంకొంచెం అమ్మా, అంది. మళ్ళీ తోశాను.